అడిగిన నాడు ఇవ్వవలసిన ఉలులు

2009 జూన్ 15, సోమవారం, ఉదయం పదిన్నర గంటలకు నంద్యాలలోని ఒక కొయ్యపని శిక్షణ కేంద్రంలో స్టోరు గది తాళంచెవి నా చేతికి వచ్చింది. నాకు ముందు ఆ గది చూసిన ఆయన తాళంచెవి ఇస్తూ ఒక్క జాగ్రత్తే చెప్పాడు: "తలుపు రెండుసార్లు కొట్టి లోపలికి పోండి మేడం. ఎలుకలు పక్కకు తప్పుకుంటాయి." ఆ గదిని పద్నాలుగేళ్లు చూసుకున్నాను. సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే, యాభై రెండో ఏట, నా అంతట నేను విరమించుకున్నాను.

స్టోరు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కొనుగోళ్లు ఎలా చేయాలి, తనిఖీకి వచ్చినవాళ్లకు ఏం చూపించాలి అని అడుగుతారు. అవన్నీ నెల రోజుల్లో ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది: మన గదిలోకి వచ్చిన ప్రతి వస్తువూ మనది కాదని గుర్తుంచుకోవడం. అది గుర్తులేని మనుషుల మధ్య నేను పనిచేశాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అధికారి

నన్ను పనిలో పెట్టుకున్న సూపరింటెండెంటు నోటి దురుసు మనిషి. మంచివాడని చెప్పలేను. అటెండరు మౌలాలిని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "ఒరే" అనే పిలుపు ఆ ఆవరణలో మౌలాలిదేనని అందరికీ తెలుసు. అయితే పని ఏమిటో ఆయనకు తెలుసు. చేరిన వారానికే నన్ను పిలిచి చెప్పాడు.

"కరెంటు పోతే మన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. మిషను తప్ప ఏమీ పట్టుకోలేరు. చేతి పనిముట్లు కావాలి. బజారులో కొత్తవి కొనొద్దు, అవి రేకులు. ఊళ్లలో పాతవి ఉంటాయి, వెదికి తీసుకురండి."

"ఎక్కడ వెదకమంటారు సార్?"

"నాకు తెలిస్తే నేనే తెచ్చేవాణ్ని గదా!"

ఆ జవాబు నాకు అప్పుడు కోపం తెప్పించింది. తర్వాత వచ్చిన అధికారులు తెలియనివాటిని కూడా తెలిసినట్టు చెప్పడం చూశాక, ఆ మాట విలువ అర్థమైంది.

వెదకడం

పాత పనిముట్ల కోసం వడ్రంగి కొట్టుకు పోవడం దండగ. అక్కడ ఉన్నవి పనిలో ఉంటాయి, వాటిని అడగడం తప్పు. మనం పోవలసింది పని ఆగిపోయిన ఇళ్లకు. మగవాళ్లను అడిగితే "ఏమీ లేవు" అంటారు. ఆడవాళ్లను అడగాలి, ఇల్లు ఊడ్చేటప్పుడు ఏది కాలికి తగులుతోందో వాళ్లకు తెలుస్తుంది. గడివేములలో ఒక ఇంట్లో కొయ్యను నునుపుచేసే తోపడ, తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పడి ఉంది. వెలుగోడులో జానెడున్నర ఉలిని నేలలో దిగగొట్టి మేకను కట్టేశారు. ఉలి అడిగితే ఆ ఇంటామె, "మేకను నువ్వు పట్టుకుంటావా?" అంది. పక్కింటి నుంచి మేకు తెచ్చి పాతి, ఉలిని పీక్కున్నాను.

ఇళ్ల తర్వాత పాత ఇనుము అంగళ్లు. నంద్యాలలో నేను తరచు పోయే అంగడి శెట్టిగారు నన్ను చూడగానే నవ్వేవారు. కాటాలో పడేసిన, చిన్న గొడ్డలిలాంటి బాడిసను తిప్పి చూస్తూ, ఇది ఎవరిది, ఏ ఊరిది, ఏ కొయ్య చెక్కేవారు అని నేను అడుగుతుంటే ఆయన ఒకరోజు అన్నారు: "మేడం, మీకు ఇనుము కావాల్నా, కథ కావాల్నా? ఇనుమైతే తూకానికి ఇస్తా. కథ నా దగ్గర స్టాకు లేదు."

ఆయన మాటలో ఎగతాళి ఉన్నా, నిజం కూడా ఉంది. ఎవరిదో తెలియని పనిముట్టుకు ఎవరూ అడ్డుపడరు. దాన్ని కరిగించడం సులువు.

దాచడం

మేము చేసిన మొదటి పొరపాటు ఈ ప్రాంతంవాళ్లు మాత్రమే చేయగలిగినది. తుప్పు పట్టకుండా నూనె రాయమని సూపరింటెండెంటు చెబితే, నూనె మిల్లులో నుంచి వేరుశనగ నూనె తెప్పించి ఇనుముకూ పిడులకూ దండిగా పూశాం. మా దగ్గర చౌకగా, ఎప్పుడూ దొరికేది అదే. నెల తిరిగేసరికి నూనె బంకలా గట్టిపడి దుమ్మంతా పట్టేసింది. ఆ వాసనకు ఎలుకలు వచ్చి పిడులను జొన్నకంకుల్లా కొరికాయి. సూపరింటెండెంటు ఆ పిడులను చూసి, "పిల్లలకు ముందు ఎలుకలే పని నేర్చుకున్నాయి" అన్నాడు.

మౌలాలి వాళ్లమ్మ కత్తిపీటకు ఆముదం రాసేదట. ఆ తర్వాత మేమూ ఆముదంలో తడిపి పిండిన గుడ్డతోనే తుడిచాం. పనిముట్ల పెట్టెలో ఒక మూల చిల్లుల డబ్బాలో బొగ్గులు పెట్టాం, చెమ్మ లాగడానికి. దసరాకు పిల్లలు పనిముట్లను కడిగి ఇనుము మీద పసుపు కుంకుమ పెడితే, బొట్టు పెట్టిన ప్రతిచోటా మరునాటికి తుప్పు మచ్చ తేలేది. బొట్టు పిడికి పెట్టండి, ఇనుముకు వద్దు అని చెప్పాను. పాఠం చెప్పే ఒక అయ్యవారు ఇది ఆచారానికి విరుద్ధమని గొడవచేశాడు. సూపరింటెండెంటు ఆయనతో, "తుప్పు పట్టించమని ఏ దేవుడు చెప్పినాడు?" అని అడిగి, ఆ విషయం అంతటితో ముగించాడు. ఆ అధికారి గురించి నేను చెప్పదలచిన మంచి ఇంతే. తక్కువేమీ కాదు.

ఆళ్లగడ్డ

ఆ మరుసటి ఏడు ఆళ్లగడ్డకు పోయాను. శిల్పుల పాకలు దాటి, రాళ్లు చెక్కే చప్పుడు కొంచెం వెనకబడిన చోట ఓబులాచారి గారి ఇల్లు. బండి చక్రాలు, ద్వారబంధాలు చేసిన మనిషి. కళ్లు రెండూ పోయాయి. నేను ఎవరో చెప్పగానే గోడ వైపు తిరిగి, చేతితో తడిమి, బస్తా గుడ్డలో చుట్టిన మూట లాగి నా ముందు పెట్టారు. పదకొండు ఉలులు, ఒక బాడిస, రెండు తోపడలు, చట్రంలో తాడుతో బిగించిన రంపం ఒకటి, తొలిచే బరమా ఒకటి, కొయ్య సుత్తి ఒకటి. దాన్ని కొడతి అంటారు. మొత్తం పదిహేడు.

"వీటిని నీకు ఇస్తాండానని అనుకోవద్దమ్మా. దాచమంటాండా."

"ఎవరి కోసం పెద్దాయనా?"

"మా ఈశ్వరమ్మ కోసరం. నా బిడ్డ. పన్నెండేండ్లప్పుడు బాడిస పట్టుకునింది. ఆడపిల్ల చేతికి బాడిస ఇచ్చినాడని ఈదంతా నవ్విరి. నవ్వినోళ్ల ఇండ్లకు వాకిండ్ల తలుపులు నా బిడ్డే చెక్కింది, నా పేరు మీద."

ఈశ్వరమ్మను ఉయ్యాలవాడ దగ్గర ఊరికి ఇచ్చారు. అల్లుడు ఆమెను ఉలి పట్టనివ్వలేదు. ఒకసారి పండుగకు వచ్చి, మామ పనిముట్లలో ఒక పెట్టె మోసుకుపోయి పాత ఇనుముకు వేశాడు. ఈ మూట గడ్డివామిలో దాచబట్టి మిగిలింది.

ఆయన మూడు చిన్న ఉలులు తీసి నా అరచేతిలో పెట్టారు. పిడులు తుమ్మ కొయ్యవి. మూడింటికీ ఒక పక్క వంకరగా గాడి చెక్కి ఉంది. చిన్నప్పుడు బండి మీది నుంచి పడి ఈశ్వరమ్మ కుడి బొటనవేలు విరిగి, వంకరగా అతుక్కుందట. ఆ వేలు ఒదిగేటట్టు తండ్రి చెక్కిన గాడి అది. నా బొటనవేలు పెట్టి చూశాను. ఒదగలేదు.

"మూడు మాటలు జ్ఞాపకం పెట్టుకో. పిడులు మార్చొద్దు. మిషను చక్రానికి పెట్టొద్దు, సానరాయే. రంపం తాడు వదులు చేసి పెట్టు. దానికీ పడుకోవాల్నని ఉంటాది. ఈశ్వరమ్మ వస్తాది. ఎప్పుడో నాకు తెల్దు. అడిగిన పొద్దు ఈయాల."

"నేను బదిలీ మీద పోతే?"

"నీ ఎనక వచ్చేటోళ్లకు చెప్పి పో. చెప్పనీకి నోరు లేదా నీకు?"

మూటను వేరే పెట్టెలో పెట్టి, "ఓబులాచారి గారివి, తిరిగి ఇవ్వవలసినవి" అని మూత మీద రంగుతో రాయించాను. తరగతిలో వాడకానికి ఇవ్వలేదు. ప్రతి వానాకాలం ముందూ తర్వాతా తీసి తుడిచాను.

రెండేళ్లకు ఓబులాచారి గారు పోయారు. నేను వెళ్లాను. శవం ఇంకా వాకిట్లో ఉండగానే అల్లుడు బస్తాలు తిరగేస్తున్నాడు. "పనిముట్లు యాడ పెట్టినాడో ముసలోడు, ఒక్కటీ అగుపడదు" అని అందరినీ అడుగుతున్నాడు. ఈశ్వరమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. అంతకు ముందు మేము కలుసుకున్నది లేదు, నా సంగతి తండ్రే చెప్పి ఉంటారు.

"ఉండాయా అక్కా?" అంది, నా వైపు చూడకుండా.

"ఉన్నాయి."

"ఉండనీ. ఇప్పుడు అడగను."

మెరుగు

నా సర్వీసు చివరి కాలంలో కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. మర్యాదస్థుడు. మౌలాలిని "గారు" అనేవాడు. ఎవరి మీదా గొంతు ఎత్తలేదు. నేను చూసిన అధికారులలో అందరికంటే ఎక్కువ నష్టం చేసినవాడు ఆయనే.

పై అధికారి ఒకరు కేంద్రం చూడడానికి వస్తున్నారని తెలిసి, హాలులో పాత పనిముట్ల ప్రదర్శన పెట్టాలని ఆయనకు ఆలోచన వచ్చింది. ఓబులాచారి గారి పెట్టె సంగతి ముందే వివరంగా చెప్పాను. శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. ఆ వారమే స్టోరు నిర్వహణలో శిక్షణ కోసం నన్ను కర్నూలుకు పంపించాడు. తాళంచెవి ఆఫీసులో ఇచ్చి పొమ్మన్నాడు. ఇచ్చాను.

తిరిగి వచ్చేసరికి హాలు గోడకు నిలువెత్తు టేకు పలక, దాని మీద ఉదయించే సూర్యుడిలా గుండ్రంగా పేర్చిన పది ఉలులు. అద్దాల్లా మెరుస్తున్నాయి. అన్నిటికీ ఒకే కొలతలో కొత్త పిడులు, ఎర్ర లక్క రంగు. కింద రంపం, తాడు బిగదీయడంతో చట్రం ఒక చేయి అప్పటికే చీలి ఉంది. తోపడ ఒకదాన్ని మిషను మీద రుద్ది నునుపు చేశారు. బరమా ములుకును అరగదీసి సూదిలా చేశారు. పైన పెద్ద అక్షరాలతో, "అంతరించిన వృత్తి – మన వారసత్వం".

ఉలుల అంచులు చూశాను. మెరుపు కింద నీలం రంగు ఛాయ. ఇనుమును కాల్చి, నీళ్లలో ముంచి, గట్టిదనం తెప్పించడాన్ని పాయనం పెట్టడం అంటారు. కరెంటు చక్రం మీద ఆపకుండా పట్టి అరగదీస్తే ఆ వేడికి పాయనం దిగిపోతుంది. ఆ నీలం దానికి గుర్తు. ఉలికి ఆకారం ఉంటుంది, పదును నిలవదు.

"పాత పిడులు ఎక్కడ మౌలాలీ?"

మౌలాలి నేల చూశాడు. "టీ కాచినారు మేడం. గ్యాసు అయిపోయింటే, రంగు ఏసేటోళ్లు పొయ్యి పెట్టినారు. తుమ్మ కట్టె గదా, బాగా మండింది. నేను వచ్చేసరికే..." అని ఆగి, చొక్కా జేబులో నుంచి ఒక చిన్న ఉలి తీశాడు. పాత పిడితోనే ఉంది, గాడితో సహా. "ఇదొక్కటి ముందురోజే తీసుకుంటి. చక్కెర డబ్బా మూత లేపనీకి బాగుండాదని."

ఒక మనిషి చేతి గుర్తు దక్కింది చక్కెర డబ్బా పుణ్యాన. మా సంస్థ పద్ధతుల వల్ల దక్కిందేమీ లేదు.

సూపరింటెండెంటు గదికి పోయాను.

"అవి మనవి కావు సార్. చెప్పాను మీకు."

"స్టోరులో ఉన్నవి మనవి కాకపోతే ఎవరివమ్మా? అయినా మనం పాడుచేయలేదే, బాగుచేశాం. ఆ వంకర పిడులు చూశారా? ఎవడో పనిరానివాడు తప్పుగా చెక్కాడు. వచ్చేవాళ్ల ముందు అవి పెడితే మన పరువు ఏమవుతుంది?"

పై అధికారి వచ్చారు. సూర్యుడి ముందు నిలబడి ఫోటో తీయించుకుని, "వీటితో పనిచేసేవాళ్లు ఇప్పుడు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఎవరూ లేరు సార్" అన్నాడు మా సూపరింటెండెంటు, ఎంతో విచారంగా.

ఈశ్వరమ్మ

ఫోటో పత్రికలో వచ్చిన తర్వాతి నెలలో, ఒక ఉదయం ఈశ్వరమ్మ ఆటో దిగింది. తల సగం నెరిసింది. ఆటోను పంపేయకుండా నిలిపి ఉంచింది.

"అక్కా, అడగనీకి వచ్చినా."

ఆ మాట కోసం అన్నేళ్లు కాచుకున్నాను. అది వినగానే కూర్చోమనడం కూడా మరిచిపోయాను.

"మీ ఆయన?"

"షుగరుకు కాలు తీసేసినారు. మంచంలో ఉండాడు. అరుస్తాడు, అరవనీ. ఆళ్లగడ్డలో వాకిలి పని ఒకటి ఒప్పుకున్నా, కొత్త ఇల్లు. చెక్కుడు పని. బేగా కావాలంట వాళ్లకు. యాడ పెట్టినావు?"

జరిగింది చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. ఆమె హాలులోకి నడిచి, పలక ముందు నిలబడింది.

"ఏందక్కా, మా నాయన ఉలులకు పెండ్లి చేసినారే! లిప్‌స్టిక్ గూడా పూసినారు."

ఒకదాన్ని పీకి, అంచును గోటి మీద జార్చింది. కిటికీ దగ్గర పడి ఉన్న టేకు ముక్క మీద పెట్టి నెట్టింది. అంచు రేకులా మడతపడింది. రెండోది. మూడోది. అన్నీ అంతే.

"పాయనం చచ్చిపోయింది. ఇవి బెండకాయలకు గూడా పనికిరావు."

మౌలాలి తన ఉలిని తెచ్చి ఇచ్చాడు. ఆమె పట్టుకోగానే వంకర బొటనవేలు గాడిలో కూర్చుంది. అదే టేకు ముక్క మీద నెడితే పొర సన్నగా, ఒక్క తీరున, చుట్టుకుంటూ లేచింది. ఎండలో అవతలి వైపు కనిపించేటంత పలుచన. ఆమె ఆ పొరను ఊది పడేసింది.

"తక్కిన పిడులు తిన్నారా?"

స్క్రూడ్రైవరు తెచ్చి, పలక మీది వస్తువులను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. సూర్యుడు సగం విడిపోయేసరికి సూపరింటెండెంటు వచ్చాడు.

"ఏం చేస్తున్నారమ్మా? ఇది ప్రభుత్వ ఆస్తి."

"ఎవరివో వాళ్లు వచ్చారు సార్. ఇచ్చేస్తున్నాను."

ఈశ్వరమ్మ పైన రాసినదాన్ని కూడబలుక్కుని చదివింది. "అంతరించిన అంటే ఏంది సారూ? చచ్చిపోయిందనేనా? నేను బతికే ఉండానే. ఉయ్యాలవాడ యాడుందో మీ ఆఫీసులో ఎవురికీ తెల్దా?"

"చూడమ్మా, మీ నాన్నగారి జ్ఞాపకాన్ని మేము గౌరవించి..."

"గౌరవించి కాల్చినారు. తెలిసిందిలే సారూ." ఆమె పలకను అరచేతితో తట్టి, అంచు దగ్గర మందం వేళ్లతో కొలిచింది. "ఇది మంచి టేకు. ఇది ఈయండి. పోయినదానికి మారు. నా వాకిలికి రెక్కకు సరిపోతాది."

ఆయన నవ్వాడు, ఆమె హాస్యమాడుతోందని. నేను గోడ మేకులు విప్పాను. ఒక వైపు ఈశ్వరమ్మ, ఒక వైపు మౌలాలి పట్టుకుని పలకను ఆటో పైకి ఎక్కించారు. ఆమె పోతూ నాతో, "నీది తప్పని అనను. అట్లని తప్పు లేదని గూడా అనను" అంది. నేను ఇన్నేళ్లలో విన్న తీర్పులలో అంత సరిగ్గా తూచినది లేదు. తాళంచెవి ఆఫీసులో ఇచ్చిపోయింది నేనే.

పలక ఖరీదు నా జీతంలో కోశారు. అభ్యంతరం చెప్పలేదు, దాన్ని నేనే విప్పి ఇచ్చాను కాబట్టి. ఆ ఏడాది చివర విరమణకు దరఖాస్తు చేసుకున్నాను. నా తర్వాత వచ్చినామెకు గది అప్పగిస్తూ ఎవరెవరివి ఏవో, ఏ పెట్టెలో ఉన్నాయో నోటితో చెప్పాను. ఆమె, "స్టాకులో ఉన్నవి చూపించండి చాలు మేడం, కథలెందుకు?" అంది. పాత ఇనుము శెట్టిగారు గుర్తొచ్చారు. ఆయన కనీసం నవ్వుతూ అన్నారు.

లెక్క

ఓబులాచారి గారు దాచమని ఇచ్చినవి పదిహేడు.

చెక్కుచెదరకుండా తిరిగి అందినవి నాలుగు: బాడిస, కొడతి, ఒక తోపడ, గాడి ఉన్న చిన్న ఉలి ఒకటి. మొదటి మూడూ సూర్యుడి ఆకారంలో ఇమడకపోబట్టి పెట్టెలోనే ఉండిపోయాయి. నాలుగోది చక్కెర డబ్బా దగ్గర మిగిలింది.

ఆళ్లగడ్డ కమ్మరి కొలిమిలో మళ్లీ పాయనం పెడితే పదును నిలిచినవి నాలుగు ఉలులు. ఈశ్వరమ్మ వాటికి తన చేతితో పిడులు చేసుకుంది.

పోయినవి తొమ్మిది: నీళ్లలో ముంచగానే పగిలిన ఉలులు ఆరు, అడుగు వంకరపోయిన తోపడ ఒకటి, చట్రం చీలిన రంపం ఒకటి, బరమా ఒకటి.

టేకు పలక ఒకటి. ఆళ్లగడ్డలో వాకిలి రెక్క అయింది. పోయి చూశాను, బాగుంది.

కాలిన పిడులు పది. వాటి మంట మీద కాగిన టీ ఎంతమంది తాగారో నేను లెక్క చెప్పలేను. ఆ వారం నేను కర్నూలులో స్టోరు నిర్వహణ నేర్చుకుంటున్నాను.